నాలుగేళ్ళు కదలని తెల్ల కారు

క్యాబేజీ వ్యాపారం మానేసేనాటికి రూఫినో దగ్గర ఉన్నవి ఎనభై వేల పెసోలు, ఒక పాత కాటా, తూకంలో మోసం చెయ్యడన్న పేరు. లా ట్రినిడాడ్ అనే కొండ ఊరి కూరగాయల మార్కెట్లో సగం జీవితం నిలబడితే మిగిలింది అంతే. కూర్చుని తింటే డబ్బు కరుగుతుంది. అందుకని పాత కార్లు కొని అమ్ముదామనుకున్నాడు.

"ఈ ఎనభై వేలూ పోగొట్టావంటే మా తమ్ముడి షెడ్డులో పానాలు అందించుకుంటూ బతకాలి నువ్వు," అంది అతని భార్య ఎస్టర్. "అప్పుడు వాడు నిన్ను బావా అని కూడా పిలవడు, చూసుకో."

మొదటి బేరం, ఊరంతా మనాంగ్, అంటే అక్క, అని పిలిచే సెలీనా ఇంట్లో తగిలింది. ఆమె భర్త వ్యవసాయ శాఖలో పనిచేసి పోయాడు. అతని తెల్ల కారు ఇంటి పక్కన, ఆకాశం కింద, నాలుగు వానాకాలాలు నిలబడి ఉంది. వాన లేనప్పుడు పొగమంచు. అయినా కారు మాత్రం పెళ్ళికి వెళ్ళేదానిలా మెరుస్తోంది.

"రోజూ తుడుస్తాను," అంది సెలీనా. "ఆదివారం చర్చి నుంచి రాగానే నీళ్ళు పోసి కడుగుతాను. ఇంజను కూడా ఆన్ చేసి కాసేపు ఉంచుతాను. ఆయన ఉన్నప్పుడైనా ఇంత శుభ్రంగా లేదు."

"మరి నడిపేదెవరు మనాంగ్?"

"నాకు రాదుగా!"

రూఫినో తలుపులు వేసి తీసి చూశాడు. రేకు మీద వేళ్ళతో కొట్టి చప్పుడు విన్నాడు. టైర్లను బొటనవేలితో నొక్కాడు, క్యాబేజీని నొక్కినట్టే. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఆమె అరవై వేలంది, అతను యాభై అన్నాడు, యాభై ఐదుకు తెగింది. డబ్బు ఆమె చేతిలో పెడుతున్నప్పుడు కూడా అతనికి ఒక సంగతి గుర్తు రాలేదు. మార్కెట్లో ఏనాడూ అతను ఒక్క కాయైనా కోసి లోపల చూడకుండా బస్తాలు కొనలేదు. ఇక్కడ ఏదీ కోయలేదు.

బండి ఎక్కబోతుంటే సెలీనా ఆపింది.

"హ్యాండ్‌బ్రేక్ నేను దింపుతాను. ఆయన ఆఖరిసారి లాగింది అది. మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు."

ఆ కొండ ఊళ్ళో చదునైన నేల దొరకడమే కష్టం. అందుకని బండి ఆపిన ప్రతివాడూ హ్యాండ్‌బ్రేక్‌ను ఇక రానన్నంతవరకూ లాగుతాడు, దిగి చక్రం వెనక ఒక రాయి పెడతాడు. చదును మీద ఆపినా అంతే. చెయ్యి దానంతటదే పోతుంది. సెలీనా భర్త కూడా అలాగే లాగాడు, ఇంటికి వచ్చాడు, వారానికి ఆసుపత్రికి పోయాడు, తిరిగి రాలేదు.

ఆమె మీట దింపింది. మీట సుఖంగా కిందికి వచ్చింది. రూఫినో గేరు వేసి వదిలాడు. కారు వెనక భాగం కుంగింది, మూలిగింది, ఇంజను ఆగిపోయింది. ఇంకోసారి, ఇంకోసారి. గోడ అవతల నుంచి పక్కింటివాళ్ళు చూస్తున్నారు.

"రూఫినో, వేళ్ళు పాకినట్టున్నాయిరా! కొడవలి తెచ్చి మొదలు కోసెయ్!" అని ఎవరో అరిచారు.

చివరికి లాగే బండి పిలిపించాల్సి వచ్చింది. అది లాగుతుంటే వెనక చక్రాలు రెండూ తిరగకుండానే జారాయి. తడి మట్టిలో నాగలి చాళ్ళలా రెండు గాట్లు పడ్డాయి.

సెలీనా వాటినే చూస్తూ, "మా ఆయనా అంతే. పట్టుపడితే దేవుడు చెప్పినా వినేవాడు కాదు," అంది. చక్రం వెనక ఉన్న రాయి తీసుకుని గుమ్మం పక్కన పెట్టుకుంది.

లాగినవాడికి రెండు వేలు పోయాయి.

షెడ్డులో బావమరిది నెస్టోర్ వెనక డ్రమ్ముల మీద సుత్తితో దరువు వేశాడు. లోపలి బ్రేక్ షూలు తుప్పుతో డ్రమ్ములకు అతుక్కుపోయి ఉన్నాయి. కాసేపటికి ఫట్‌మని ఒకటి, ఫట్‌మని ఇంకొకటి వదిలాయి. చక్రాలు తిరిగాయి.

"అయిపోయింది బావా! ముందు డిస్కుల మీద తుప్పు ఉంది గానీ, రోడ్డు మీద నాలుగుసార్లు తొక్కితే అదే రాలిపోతుంది. విప్పితే ఖర్చు, విప్పకపోతే లాభం. నీకు లెక్కలు నేను చెప్పాలా?"

ఆ లెక్క రూఫినోకు నచ్చింది. ఊళ్ళో నెమ్మదిగా తిప్పి చూశాడు, బ్రేకులు పట్టాయి.

మర్నాడే కాన్సోలా వచ్చింది. ఆమె మంత్రసాని, లోయలో ఊళ్ళకు కాన్పులకు వెళ్తుంది. వాన పడితే ఆ దారిన ఏ బండీ దొరకదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి ఎనభై ఐదు వేలకు ఒప్పుకుంది, శనివారం వచ్చి తీసుకుంటానంది.

"బ్రేకులు బాగున్నాయా మనోంగ్? లోయ దారి ఎలాంటిదో నీకు తెలియంది కాదు," అంది. మనోంగ్ అంటే అన్న.

"నేనే ఆ దారిన నడిపి చూసి ఇస్తాను," అన్నాడు రూఫినో. అమ్మేవాడి నోటికి అలవాటుగా వచ్చిన మాట అది. కానీ అన్నాక దాన్ని వెనక్కి తీసుకోలేకపోయాడు. కాటా పట్టినవాడు మాట అన్నాడంటే తూచినట్టే లెక్క.

శుక్రవారం పొద్దున్న కారులో బంగాళాదుంపల బస్తాలు వేసుకున్నాడు. ఖాళీ బండి బాగుందంటే ఏం తెలిసినట్టు? కాన్సోలా వెనక సీట్లో నిండు గర్భిణి ఉంటుంది, పక్కన అత్తగారు ఉంటుంది, మూటలుంటాయి. బరువుతోనే చూడాలి.

మొదటి వంపు దగ్గర బాగానే పట్టాయి. రెండో దాని దగ్గర బండి కొంచెం ఎడమకు లాగింది. తరవాత కాలిన వాసన మొదలైంది. ముందు చక్రాల్లో ఒకదానికి బ్రేకు పట్టడమే గానీ వదలడం లేదు, తొక్కకపోయినా రాసుకుంటూ కాలిపోతోంది. ఏళ్ళ తరబడి తేమ తాగిన బ్రేక్ ఆయిల్ ఆ వేడికి మరిగింది. ఈ సంగతి రూఫినోకు తరవాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, కాలి కింద పెడలు మెత్తగా, తడి గోనెసంచిలా, అడుగుకు దిగిపోవడం.

హ్యాండ్‌బ్రేక్ లాగాడు. మీట పైదాకా వచ్చింది, బండి వేగం మాత్రం తగ్గలేదు. సుత్తి దెబ్బలకు షూల మీది పూత ఊడి డ్రమ్ములకే అంటుకుపోయింది మరి. నాలుగేళ్ళు వదలమంటే వదలని బ్రేకు, ఇప్పుడు పట్టుకోమంటే పట్టుకోలేదు.

గేరు తగ్గించాడు. ఇంజను అరిచింది, వేగం కొంత చచ్చింది. కుడివైపు లోయ. ఎడమవైపు కొండవాలున సీమవంకాయ పందిరి. స్టీరింగు ఎడమకు తిప్పాడు. కర్రలు పటపటా విరిగాయి, తీగలు అద్దాన్ని కప్పేశాయి, బండి ఆకుల్లో కూరుకుని ఆగింది. వెనక బస్తా చిరిగి దుంపలు అతని మెడ మీదుగా ముందుకు దొర్లాయి.

పందిరి యజమాని తిబుర్సియో కర్ర పట్టుకుని దిగాడు.

"బతికున్నావా?"

"ఉన్నాను మనోంగ్."

"అయితే పందిరికి డబ్బు తియ్."

మూడు వేలకు ఒప్పుకున్నాడు. చచ్చి ఉంటే వదిలేసేవాడినని కూడా అన్నాడు.

మళ్ళీ షెడ్డు. నెస్టోర్ బుర్ర గోక్కుంటూ, "ఆయిల్ మార్చేద్దాం బావా. రేపే కదా ఆమె వచ్చేది. ఒక నెల ఢోకా ఉండదు," అన్నాడు.

"నెల తరవాత?"

"నెల తరవాత బండి ఆమెది."

రూఫినో ఒక దుంపల బస్తా మీద కూర్చున్నాడు. అన్నీ విప్పి కొత్తవి వేయిస్తే పదహారు వేలవుతుంది. లాభంలో తోకే మిగులుతుంది. ఆమె ఆగలేనని ఇంకో బండి చూసుకుంటే అదీ ఉండదు. పెట్టిందంతా ఈ కారులోనే ఉంది. ఇంకోవైపు, కుళ్ళిన బస్తా పైన మంచికాయలు పేర్చి అమ్మినవాళ్ళను మార్కెట్లో చూశాడు. ఆ రోజు అమ్ముడుపోయింది. మరుసటి వారం నుంచి వాళ్ళ కొట్టు ముందు ఈగలు తప్ప ఎవరూ ఆగలేదు. ఇది క్యాబేజీ కూడా కాదు. కుళ్ళిన క్యాబేజీ తిన్నవాళ్ళు తిట్టడానికైనా తిరిగి వస్తారు.

"అన్నీ విప్పు," అన్నాడు. "డ్రమ్ములు, షూలు, గొట్టాలు, అన్నీ."

"మా అక్క నిన్ను చంపుతుంది."

"లోయ కంటే నెమ్మదిగానే చంపుతుందిలే."

శనివారం కాన్సోలా వచ్చేసరికి బండి ఇంకా చెక్కదిమ్మల మీదే ఉంది. రూఫినో పాత సామాన్లు క్యాబేజీ పెట్టెలో పోసి ఆమె ముందు పెట్టాడు. బూడిద రాలే షూలు, బురదరంగు ఆయిలు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆమె పెట్టెలోకి తొంగి చూసి ముక్కు మూసుకుంది.

"ఇంత కుళ్ళిన బండికా ఎనభై ఐదు? డెబ్బై ఐదు."

"అమ్మా, ఇది బండిలోంచి తీసింది. బండిలో ఉన్నది కొత్తది!"

"అది నువ్వు చెబుతున్నావు. నిన్న పందిరి ఎక్కించావని ఊరంతా చెబుతోంది. లోతట్టు ఊళ్ళ ఆడవాళ్ళంతా నన్నే అడిగారు, ఆ కారేనా కొంటున్నది అని."

రూఫినో పెట్టెను పక్కకు జరిపాడు. నిజం చూపించి బేరం పోగొట్టుకున్నవాడు ఊళ్ళో తానొక్కడేనేమో అనిపించింది. చివరికి కాన్సోలాయే తెగ్గొట్టింది.

"ఎనభై ఇస్తాను. కానీ నేను నడుపుతాను, నువ్వు పక్కన కూర్చోవాలి. అదే దారి. అవే బస్తాలు."

సోమవారం బయల్దేరారు. రూఫినో కాళ్ళు వాటంతట అవే నేలను తొక్కుతున్నాయి, అటువైపు పెడలు లేకపోయినా. కాన్సోలా అది చూసి నవ్వింది. "కాన్పు గదిలో మగవాళ్ళు కూడా ఇలాగే చేస్తారు. వాళ్ళు ముక్కితే బిడ్డ పుడుతుందా?"

మొదటి వంపు. రెండోది. పందిరి దగ్గర తిబుర్సియో కర్ర పట్టుకుని కాపలా నిలబడి ఉన్నాడు. కాన్సోలా సరిగ్గా అతని ముందే బలంగా తొక్కింది. బండి ముక్కు వంచి, గీసిన గీత మీద ఆగినట్టు ఆగింది. ఆగగానే ఆమె చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదికి పోయింది, ఇక రానంతవరకూ లాగింది.

"ఇక్కడ లాగు, తప్పులేదు," అన్నాడు రూఫినో. "ఇంటి దగ్గర రోజుల తరబడి ఆపితే మాత్రం గేరులో పెట్టు, రాయి పెట్టు, దీన్ని కిందికి దింపెయ్. కడిగితే ఊరికే నిలబెట్టకు, కొంచెం దూరం తొక్కుకుంటూ నడిపి ఆరబెట్టు."

"చెయ్యి ఊరుకుంటుందా మనోంగ్?"

"చేతికి చెప్పుకో."

తిబుర్సియో కిటికీలోంచి తల పెట్టాడు. "మా తోడల్లుడి జీపు ఒకటి పెరట్లో పడి ఉంది రూఫినో. రెండేళ్ళైంది. చూస్తావా?"

"హ్యాండ్‌బ్రేక్ పైకి ఉందా, కిందికి ఉందా?"

"పైకే. ఎందుకు?"

"పైకి ఉంటే విప్పి చూశాకే ధర చెబుతాను."

సాయంత్రం ఎస్టర్ ముందు డబ్బు పెట్టాడు. ఎనభై వేలతో వెళ్ళినవాడు ఎనభై నాలుగు వేలతో వచ్చాడు. విరిగిన పందిరికి డబ్బు కట్టాడు కాబట్టి రాలిన కాయలు తనవేనని తిబుర్సియోతో వాదించి గెలుచుకున్న బుట్టెడు సీమవంకాయలు అదనం. ఎస్టర్ నోట్లు లెక్కపెట్టి, కాయ ఒకటి గోటితో గిల్లి చూసి, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.