తోడల్లుడి మడుగు

మురుగుకాలువలో నూనె చల్లుకుంటూ అతను మూడో వీధి మలుపు తిరిగాడు. వీపున డబ్బా. పట్టీ ఒరుసుకుని భుజం కాయకాసింది. నూనె పొర కమ్ముకునేకొద్దీ దోమపిల్లలు మెలికలు తిరుగుతూ అడుగుకి జారుతున్నాయి.

తోడల్లుడి వీధి వరసలో ఆఖరిది. అక్కడికి వచ్చేసరికి రోజూ డబ్బా ఖాళీ అయ్యేది. మళ్ళీ నింపుకోవడానికి బద్ధకం. బద్ధకమే అనుకునేవాడు.

ఒకప్పుడు ఇద్దరూ ఊరి చివర మడుగులో కప్పలు పట్టి అమ్మేవారు. ఒకే నీళ్ళలో దిగినా తోడల్లుడి సంచి నిండేది, అతనిది వేలాడేది.

"మా చెల్లెలి మొగుడికున్నవి చేతులు, మీకున్నవి గరిటెలు" అని భార్య నవ్వేది. అతనికి ఒళ్ళు మండిపోయేది.

"గుడ్లతో ఉన్నవాటిని వదిలేద్దాం అన్నయ్యా" అనేవాడు తోడల్లుడు. అతను తెల్లారకముందే వెళ్ళి వాటినీ ఊడ్చేసేవాడు, వాడికి మిగలకూడదని. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి మడుగు మూగబోయింది. ఊరి మీద దోమలు ముసిరాయి. ఇంటింటా చలిజ్వరం. అతనికి ఈ నూనె చల్లే పని దొరికింది.

మధ్యాహ్నం భార్య ఎదురొచ్చింది. "చెల్లి కబురంపింది. మరిదికి మళ్ళీ జ్వరమట. ఈసారి మాట కూడా సరిగ్గా రావడం లేదట."

వెళ్ళేసరికి గుమ్మం నిండా చెప్పులు. అప్పట్లో కప్పలు కొన్న షావుకారు కూడా మంచం పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను పడుకుంటే ఇంతమంది వస్తారా, అనుకున్నాడు అతను. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. అయినా మంట చల్లారలేదు.

తోడల్లుడు కళ్ళు తెరిచాడు. "అన్నయ్యా... మా కాలువలో కాస్త నూనె..."

"డబ్బా అయిపోతోందిరా."

"అయిపోదూ మరి... ఇంత పెద్ద ఊరు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అతను తలెత్తలేకపోయాడు. వెళ్ళి డబ్బా నింపుకొచ్చి, ఆ వీధి కాలువ పొడవునా రెండుసార్లు చల్లాడు. తిరిగొచ్చేసరికి మరదలు నేల మీద కూలబడి ఉంది. ఎవరో దుప్పటి ముఖం మీదికి లాగుతున్నారు.

లోపల నిలవలేక పెరట్లోకి నడిచాడు. గోడ నీడన దోమతెర ముక్క కప్పిన తొట్టి ఒకటి ఉంది. కాసేపటికి మరదలు తూలుతూ అక్కడికి వచ్చింది.

"ఏయే గుంటల్లోనో వెతికి తెచ్చుకున్నారు బావగారూ. పెద్దయ్యాక మడుగులో వదులుతానన్నారు."

ఇందులోనూ వాడే ముందున్నాడు.

అతను తెర పక్కకు తీశాడు. తొట్టినిండా తోకకప్పలు. కొన్నిటికి అప్పుడే వెనక కాళ్ళు పొడుచుకొస్తున్నాయి.