లక్ష్మి పలికే కంప్యూటరు

సత్యప్రసాద్ ఆ రోజు అబద్ధమాడలేదు. నవ్వాడంతే. కొత్తగా కంపెనీ పెట్టినవాడికి ఒక్కోసారి నోటికన్నా నవ్వే ఎక్కువ చేటు తెస్తుంది.

సామర్లకోటలో, ఓ బియ్యం కొట్టు పైనున్న మేడగదిలో, అతనూ స్నేహితుడు భీమరాజూ కలిసి కంప్యూటర్ల కంపెనీ పెట్టారు. మద్రాసు నుంచి విడిభాగాలు తెచ్చి, ఇక్కడ బిగించి, రేకు డబ్బా మీద ‘మాణిక్యాంబ కంప్యూటర్స్’ అని స్టిక్కరు అంటించేవారు. మొట్టమొదటి కంప్యూటరు కొన్నది పెద్దాపురంలో రైస్‌మిల్లున్న కుక్కుటేశ్వరరావు గారు. ఆయనింట్లో, షాకు కొట్టకుండా కాపాడే ఎర్తు లేదు. ఎర్తు వేయించాలంటే గొయ్యి తవ్వాలి, బొగ్గూ ఉప్పూ పొయ్యాలి. ఈలోగా ఆయన మనసు మారితే? సత్యప్రసాద్ త్రీపిన్ ప్లగ్గు పీకేసి, ఎర్తు పిన్ను లేని టూపిన్ ప్లగ్గు బిగించి, చేతులు దులుపుకున్నాడు.

వారం తిరక్కుండానే ఆయన భార్య అమ్మణ్ణి గారు అడిగారు.

“తలంటుకుని తడిచేత్తో దానికి బొట్టు పెడుతుంటే వేళ్లు జిల్లుమన్నాయి బాబూ. అందులో లక్ష్మీదేవి ఉన్నట్టేనంటారా?”

అది ఎర్తు లేని కరెంటని చెబితే డబ్బా తిరిగొచ్చేస్తుందని భయం. అందుకే నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ భక్తిగా చేతులు కళ్లకద్దుకున్నారు. లక్ష్మి పలికే కంప్యూటరట అన్న మాట ఆ నోటా ఈ నోటా పాకి, మొగల్తూరు దాకా ఉన్న వాళ్ల చుట్టాలందరూ ఇతని దగ్గరే కొన్నారు. కంపెనీ నిలబడింది.

రెండో ఏడు దసరా పొద్దున, రిపేరుకొచ్చిన కంప్యూటరొకటి ముందేసుకుని భీమరాజు పిలిచాడు.

“ప్రసాదూ, ఇలా రా.”

డబ్బాకి ఆనించిన టెస్టర్లో లైటు భగ్గున వెలుగుతోంది. స్విచ్చి ఆపి విప్పి చూశారు. లోపల కరెంటు వైరు రేకుకి రాసుకుని రాసుకుని తొడుగు చిరిగింది. రాగి తీగ బయటపడి రేకుకి ఆనుకుంది. ఇన్నాళ్లూ జిల్లుమన్నది వేరు. ఇది పట్టుకుంటే వదలదు.

“మిగతావీ ఇంతేనంటావా?”

“మొదట్నుంచీ మనం తెచ్చింది ఈ రకం డబ్బాలే కదరా.”

ఇవాళ ఆయుధపూజ. నాగలి నుంచి నీళ్ల మోటారు దాకా అన్నిటినీ కడిగి, తుడిచి, బొట్టు పెట్టే రోజు. తడి నేల, తడి చేతులు, వట్టి కాళ్లు.

సత్యప్రసాద్ పెద్దాపురానికి ఫోన్ చేశాడు. మోగుతోంది గాని ఎవరూ తియ్యడం లేదు. అందరూ పూజ దగ్గరే ఉండి ఉంటారు. మిగతావాళ్లకి ఫోన్లు చెయ్యమని భీమరాజుకి చెప్పి స్కూటరెక్కాడు.

ఎంత తోలినా బండి కదిలినట్టే లేదు. ఆ ఇంట్లో అమ్మణ్ణి గారి మనవరాలు తేజస్వి ఉంది, ఇతన్ని ‘కంప్యూటర్ మావయ్యా’ అని పిలిచే పిల్ల. దాని చిన్న చేతులే కళ్ల ముందు ఆడుతున్నాయి. పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకుందామనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని మొక్కాలో తెలియలేదు.

కుక్కుటేశ్వరరావు గారింట్లో ముందుగది కడిగి ఉంది, ఇంకా తడారలేదు. బంతిపూల దండ వేసిన కంప్యూటరు వెలుగుతోంది. పేరంటాళ్ల ముందు తేజస్వి కుంకుమ వేలు చాచి, మునివేళ్ల మీద లేస్తోంది.

“పాపా, ముట్టుకోకు.”

ఆ కేకకి పిల్ల బెదిరి వెనక్కి పడింది. సత్యప్రసాద్ చెప్పులతోనే లోపలికి దూకి ప్లగ్గు లాగేశాడు.

“పూజ మధ్యలో ఇదేం పనండీ?” అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

వోల్టేజీ బాగాలేదండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల వంక చూశాడు. అందర్నీ దూరంగా జరగమని, ప్లగ్గు మళ్లీ పెట్టి, రేకుకి టెస్టరు ఆనించాడు. లైటు వెలిగింది. ప్లగ్గు తీసేసి, టూపిన్ సంగతీ, తీగ సంగతీ, తన నవ్వు సంగతీ అన్నీ చెప్పేశాడు.

అమ్మణ్ణి గారు మనవరాలి వేలికున్న కుంకుమ తుడిచారు.

“రోజూ స్నానం చేయించి, తడారకుండానే దీనిచేత దణ్ణం పెట్టిస్తున్నానండి. భయమేసి చెయ్యి లాక్కుంటే, అమ్మవారు పలుకుతోందే అని నేనే పట్టుకుని ఆనించేదాన్ని. మీరు నవ్వారు కదండీ ఆ రోజు.”

సత్యప్రసాద్ ఆ తడినేల మీదే కూలబడ్డాడు.

కుక్కుటేశ్వరరావు గారు మనవరాల్ని ఒళ్లోకి లాక్కుని, “ఇలాంటివి ఇంకా ఎవరెవరికి అమ్మారు?” అని అడిగారు.

నిన్నటిదాకా ఆ ప్రశ్నకి రొమ్ము విరుచుకుని జవాబు చెప్పేవాడు.

“అందరూ మీ చుట్టాలేనండి. అమ్మణ్ణి గారి మాట మీదే కొన్నారు.”

ఆవిడ అప్పటికే ఫోను దగ్గరికి నడిచారు. మొగల్తూరులోని అక్కగారి నంబరు తిప్పారు. అవతల ఫోను మోగుతూనే ఉంది గాని, ఎవరూ తియ్యడం లేదు.