పుట్ అప్‌కు తల్లి ఎవరు?

మొగుడి మీద అండాలుకున్న ఫిర్యాదు చాలా చిన్నది. ఐలేశం తాగడు, తిట్టడు, తెచ్చిన జీతం తెచ్చినట్టు చేతిలో పెడతాడు. కానీ కోడి కూయకముందే లేచి, వాకిట్లో పీట వేసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ ఇంగ్లీషు చదువుతాడు. నల్గొండలో వాళ్ల కిరాయింటి పక్కనున్న ముసలాయన అదేదో మొక్కు అనుకుని, రోజూ ఆ వేళకు గోడ అవతల నిలబడి దండం పెట్టుకునేవాడు.

“పుట్ అప్ అంటే సబ్మిట్. పుట్ అప్ అంటే ఎరెక్ట్. పుట్ అప్ అంటే లాడ్జ్. పుట్ అప్ అంటే టాలరేట్…”

మధ్యలో కోడి అడ్డం వస్తే వరుస తప్పేది. తప్పితే మళ్లీ సబ్మిట్ దగ్గర్నుంచి.

ఊగడంలో ఐలేశం తప్పేమీ లేదు. చిన్నప్పుడు బడిలో ఉర్దూ మాటలన్నీ అట్లాగే నేర్చుకున్నాడు, ఒక మాటకు ఒక అర్థం చొప్పున. గొర్లకాపరుల ఇంట పుట్టి ఆ చదువుతోనే కచ్చేరిలో గుమాస్తా అయ్యాడు. ఇప్పుడు ఉర్దూ సర్కారు పోయి రాష్ట్రం మారింది, కాయితాలన్నీ ఇంగ్లీషులోకి తిరిగాయి, గుమాస్తాలు ఇంగ్లీషు పరీక్ష పాసు కావాలన్నారు. ఐలేశం రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే నౌకరి పోతుంది. కిరాయిల్లు ఖాళీ చేసి, ఊరికి పోయి, మళ్లీ గొర్ల వెంట నడవాల్సిందే.

ఇంట్లోనే ఇంగ్లీషు ఉంది. అండాలు మేనమామ దగ్గర ఉండి హైదరాబాదు ఆడపిల్లల కాలేజీలో ఇంటర్ చదివింది. పెళ్లిచూపులప్పుడు ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నవాడు ఐలేశమే. పెళ్లయ్యాక మాత్రం ఆమె ఇంగ్లీషుకు పట్టుచీర గతి పట్టించాడు. పెట్టెలో భద్రంగా ఉంది, కట్టే పని లేదు.

“నేను చెప్తగదయ్యా” అని ఆమె అంటే, “పెండ్లాం కాడ సదువుకున్నడని ఆఫీసుల తెలిస్తే నా ఇజ్జతేం గావాలె? నాకు గైడున్నది” అనేవాడు.

ఒకనాడు ఆమె బియ్యంలో రాళ్లేరుతూ, ఎవరితోనో అన్నట్టు అడిగింది. “హి పుట్ అప్ ఎట్ హిస్ అంకుల్స్ హౌస్. అంటే ఏంది?”

ఐలేశం కళ్లు మూసుకున్నాడు. కాస్త ఊగాడు. “మామ ఇంట్ల అర్జీ పెట్టిండు.”

“ఏమని? జర బువ్వ పెట్టుమనా?”

“నవ్వకు. వరుసల మొదటిది గదే.”

“మామ ఇంట్ల దిగిండు, గక్కడనే ఉన్నడు. అంతే.”

“మరి గైడుల మామ లేడు గదా!”

దీనికి జవాబు అండాలు చదివిన కాలేజీలో చెప్పలేదు. ఆమె మళ్లీ రాళ్లేరుకుంది.

ఆ ఆదివారం ఇద్దరూ చిట్యాల అవతలున్న ఐలేశం ఊరికి వెళ్లారు. అత్త బీరమ్మకు మోకాళ్ల నొప్పులు. తల్లిగొర్లు మేతకు పోయినంతసేపూ గొర్రెపిల్లల్ని తడికల దొడ్డిలో ఉంచి, పొద్దుగూకి మంద తిరిగి రాగానే వదలాలి. ఆ పని కొడుకుకు, కోడలికి అప్పగించి ఆమె అరుగు మీద కాళ్లు చాపింది.

మంద వచ్చింది. అటు తల్లులు, ఇటు పిల్లలు, ఒకటే అరుపులు. అండాలు ఒక నల్లపిల్లను ఎత్తుకుంది. దొడ్డిలో అట్లాంటివే ఇంకా ఉన్నాయి, తల నుంచి తోక దాకా ఒక్క తీరే.

“ఏమయ్యా, గీ పిల్ల తల్లేది?”

“నాకేమెరుక?”

“గొర్లు కాసినోల్ల కొడుకువు. గియ్యన్ని బట్టీ పట్టలేదా?”

ఐలేశం పగలబడి నవ్వాడు. “పిచ్చిదానా, ఎత్తుకొని మొఖం చూస్తుంటే ఏం తెలుస్తది? మందల ఇడిసిపెట్టు. ఏ తల్లి పొదుగు కాడ నిలబడితే గా తల్లి పిల్ల!”

ఆమె వదిలింది. పిల్ల ఒక గొర్రె దగ్గరికి ఉరికి తన్ను తిన్నది. ఇంకోదాని దగ్గర కుమ్మించుకుంది. మూడోది వంగి వాసన చూసి కదలకుండా నిలబడింది. పిల్ల తోక ఆడింది.

“మరి పుట్ అప్‌ను ఎందుకు సంకలేసుకొని ఊగుతున్నవ్?” అంది అండాలు. “దాన్ని సుత ఇడిసిపెట్టరాదు?”

“ఎవరి పిల్ల బిడ్డా అది?” అని అరుగు మీది నుంచి అడిగింది బీరమ్మ.

“నీ కొడుకు సాకుతున్నదేనత్తా. పొద్దుగాల లేస్తే సంక దించడు.”

 తిరుగు బస్సులో ఐలేశం కిటికీలోంచి తాటిచెట్లు చూశాడు. నల్గొండ దగ్గరపడ్డాక, మొహం అటే పెట్టి, “ఇంకోటి చెప్పు” అన్నాడు.

అండాలు నవ్వలేదు. నవ్వితే బేరం చెడుతుంది. “దే పుట్ అప్ ఎ వాల్.”

“వాల్… గోడ కట్టిండ్రు.”

“ది క్లర్క్ పుట్ అప్ ది ఫైల్.”

“సాబు ముంగట పెట్టిండు.”

“షి పుట్స్ అప్ విత్ హర్ హస్బెండ్.”

ఐలేశం ఈసారి మాటకు అటూ ఇటూ ఎవరున్నారో చూసుకున్నాడు. “మొగుణ్ని… ఓర్సుకుంటాంది.”

“ఒక్కసారికే వచ్చిందే!” అంది అండాలు.

ఆనాటి నుంచి చదువు వంటింట్లోకి మారింది, తలుపు దగ్గరగా వేసి. పక్కింటి ముసలాయన, దేవుడు లేని గుడిని చూసినట్టు, ఖాళీ వాకిలి చూసేవాడు.

ఐలేశం పాసయ్యాడు. ఆ సాయంత్రం దుర్గయ్య వచ్చాడు. ఆఫీసులో పక్క కుర్చీ అతనిది, పరీక్ష తప్పడంలోనూ పక్కవాడే. ఒక పరీక్ష ఆలస్యంగా మొదలుపెట్టాడు కాబట్టి వచ్చేది అతనికి ఆఖరుది.

“ఎట్ల పాసైనవే ఐలేశం?”

వంటింట్లో చాయ్ మరుగుతోంది. “గైడు” అన్నాడు ఐలేశం, గొంతు తగ్గించి.

“అయితే నాకియ్యి. ఒక్క మాట పోనియ్య. ఈసారి తప్పితే పిల్లల్ని ఏసుకొని కల్వకుర్తిల మా మామ పంచకు పోవాలె.”

ఐలేశం ఇచ్చాడు. దుర్గయ్య గైడును కళ్లకద్దుకుని, చాయ్ తాగి, “పోతున్న చెల్లె” అని లేచాడు. అండాలు వచ్చి కప్పులు తీసింది.  గిన్నెలు తోమే జాలాట్లో కూర్చుని కప్పు కడిగింది. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

వీధిలో దుర్గయ్య అప్పుడే మొదలుపెట్టాడు. “పుట్ అప్ అంటే సబ్మిట్. పుట్ అప్ అంటే…” నడుస్తూనే ఊగుతున్నాడు.

ఐలేశం చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు. “దుర్గయ్యా, ఆగు! గైడు ఇటియ్యి. దాంతోని నేను పాసు కాలే. ఫేలయిందే దాంతోని.”

“మరి ఎవరు చెప్పిండ్రు నీకు?”

ఐలేశం వెనక్కి చూశాడు. గుమ్మంలో అండాలు, గోడ మీదుగా పక్కింటి ముసలాయన.

“మా ఇంటామె చెప్పింది. నువ్వు సుత రేపటి సంది రా. ఆమెను అడిగితే ఇజ్జత్ పోతదని, నౌకరి పోయేదాక తెచ్చుకున్న. తప్పు నాదే.”

“ఏమన్నవయ్యా?” అంది అండాలు, గుమ్మంలోంచే. “కప్పుల సప్పుడుకు వినపడలే.”

ఆమె చేతిలో కప్పులు లేవు. అయినా ఐలేశం గట్టిగా, వాడకట్టంతా వినేటట్టు చెప్పాడు:

“తప్పు నాదే అన్న!”