ఎనిమిదో అంతస్తుకి ఎర్ర కార్డు

ఓడ ఎక్కిన గంటలోపే ఆ కుటుంబానికి మొదటి కార్డు వచ్చింది. పసుపు రంగుది. అప్పటికి వాళ్ళింకా పెట్టెలు విప్పనేలేదు, దువ్వెన కోసం వెతుక్కుంటున్నారు.

ఎనిమిదో అంతస్తులో వాళ్ళకి వరసగా మూడు గదులు. మొదటిదాంట్లో బావగారూ తోటికోడలూ, మధ్యలో అత్తగారు, మూడోదాంట్లో చిన్నకోడలూ ఆమె మొగుడూ. తోటికోడలు తన గుమ్మంలో నిలబడి, "చెల్లాయ్, దువ్వెన నీ సంచిలో గానీ వచ్చిందా?" అని కేకేసింది. "నా దగ్గర లేదక్కా, అత్తయ్య పెట్టెలో చూడు!" అని చిన్నకోడలు తన గుమ్మంలోంచి గొంతు ఇంకో మెట్టు పెంచి జవాబు చెప్పింది. "ఏం పోయిందర్రా?" అని మధ్యలోంచి అత్తగారు. "దువ్వెనమ్మా, దువ్వెన!" అని స్నానాలగదిలోంచి బావగారు. చివరికి దువ్వెన తోటికోడలి జుట్టులోనే ఉంది. ఆ సంగతి కూడా ముగ్గురికీ అరిచే చెప్పుకున్నారు.

తెల్ల గ్లౌజులు వేసుకున్న అంతస్తు మేనేజరమ్మ నవ్వుతూ వచ్చి, కార్డు చేతిలో పెట్టి, నవ్వుతూనే వెళ్ళిపోయింది. 'తోటి ప్రయాణికుల ప్రశాంతతను గౌరవించండి' అని ముందు పెద్ద అక్షరాలు. అసలు సంగతి వెనక చిన్న అక్షరాల్లో ఉంది. పసుపు తర్వాత నారింజ, నారింజ తర్వాత ఎరుపు, ఎర్ర కార్డు అందుకున్నవాళ్ళు తర్వాతి రేవులో దిగిపోవాలి. టిక్కెట్లు తీసింది చిన్నకోడలు కాబట్టి మూడు గదుల పాపమూ ఆమె పేరు మీదే రాశారు.

పోనీ వీళ్ళేమన్నా పుట్టుకతో గట్టి గొంతువాళ్ళా అంటే, కాదు. అత్తగారికి చెవులు వినపడవు. ఎనిమిదేళ్ళయింది. కానీ ఆ మాట ఇంట్లో అనడానికి లేదు. ఒకసారి బావగారు చెవి మిషన్ మాట ఎత్తితే ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. "నాకేం చెవుడా? మీరే మాటలు నమిలి మింగుతున్నారు, కాస్త నోరు తెరిచి మాట్లాడి ఏడవండి" అన్నారు. సరే అని నోరు తెరిచారు. ఆ తెరిచిన నోళ్ళు మళ్ళీ మూతపడలేదు. ఆవిడ ఊళ్ళో లేనప్పుడు కూడా అలాగే మాట్లాడుకుంటారు.

చిన్నకోడలు కాపరానికొచ్చిన కొత్తలో ఆమె మాట వినాలంటే పక్కకి జరిగి కూర్చోవాల్సొచ్చేది. ఆమె ఎక్స్‌రేలు తీస్తుంది. ఇప్పుడు లోపల ఆమె "ఊపిరి బిగబట్టండి" అంటే బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా బిగబడతారు. "వదలండి" అనేదాకా పాపం ఒక్కళ్ళూ వదలరు.

ఈ ప్రయాణం అసలు అత్తగారి కోసమే. ఆవిడ పుట్టింది ఒక లైట్‌హౌస్‌లో. తండ్రి అక్కడ దీపం చూసే ఉద్యోగి. పదేళ్ళొచ్చేదాకా ఆ గోపురం మీద నిలబడి వెళ్ళే ఓడలకల్లా కేకలు పెట్టేవారట, ఒక్క ఓడా పలికిన పాపాన పోలేదట. తర్వాత తండ్రికి బదిలీ అయింది, అక్కడికి వెళ్ళే రోడ్డుని సముద్రం తినేసింది. "ఓడ మీంచి దాన్ని ఒక్కసారి చూస్తే చాలు" అనేవారు ఆవిడ. ఐదోరోజు తెల్లవారుతూనే ఈ ఓడ దాని పక్కనుంచి పోతుంది. నాలుగోరోజు సాయంత్రం ఒక రేవు ఉంది. ఆలోగా ఎర్ర కార్డు వచ్చిందంటే పెట్టేబేడాతో ఆ రేవులో నిలబడాలి, లైట్‌హౌస్ సంగతి ఇక మర్చిపోవాలి.

ఫిర్యాదు చేసింది ఇటు చివరి గదాయన, లైబ్రరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఒంటరిగా వచ్చాడు. ఆయన బాల్కనీకీ చిన్నకోడలి బాల్కనీకీ మధ్య పల్చటి రేకు ఒకటి అడ్డం. ఆ రేకు అవతల్నించి దగ్గితే చాలు, అది దగ్గు కాదు హెచ్చరిక అని తెలిసిపోయేది. తోటికోడలు ఆయనకి నిశ్శబ్దంగారు అని పేరు పెట్టేసింది.

ఆ మాటకొస్తే ఓడేమన్నా తక్కువ తిందా! గదిగదికీ ఒక స్పీకరు. పొద్దున్న ఏడింటికి అందులోంచి "మీ ప్రశాంతతే మా ధ్యేయం" అని ఒక గొంతు అరుస్తుంది, బల్లమీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. మధ్యాహ్నం ఇంకోసారి, సాయంత్రం మరోసారి. ఈతకొలను దగ్గర డప్పుల సంగీతం. పై అంతస్తులో ఎవడో మహానుభావుడు రోజంతా ఇనప కుర్చీ ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ ఈడుస్తాడు. వీటిలో దేనికీ ఏ రంగు కార్డూ లేదు.

రెండోరోజు సాయంత్రం తోటికోడలు బాల్కనీలో కూర్చుని కథ అందుకుంది. ఆమె పిన్ని మేడమీద గది ఒకడికి అద్దెకిచ్చింది. మనిషి మర్యాదస్తుడే కానీ వాడి దగ్గర ఒక పెద్ద పెట్టె ఉంది, దాన్ని ఎవరి ముందూ తెరవడు. పిన్నికి నిద్ర పట్టలేదు. ఒకరోజు వాడు అటు వెళ్ళగానే తన తాళాలగుత్తి మొత్తం పట్టుకుని మేడెక్కింది. పద్నాలుగో తాళానికి పెట్టె తెరుచుకుంది.

"మూత ఎత్తిందత్తయ్యా! ఎత్తి లోపలికి చూసేసరికి..."

తలుపు చప్పుడైంది. మేనేజరమ్మ నవ్వుతూ నారింజ కార్డు ఇచ్చింది.

అంతే, ఇంటిల్లిపాదీ నోళ్ళకి తాళాలు పడ్డాయి. కార్డుల సంగతి అత్తగారికి చెప్పాలంటే అరవాలి, అరిస్తే ఎర్ర కార్డు వస్తుంది. కాగితం మీద రాసి చూపిద్దామంటే "నాకేం చెవుడా, రాసి చూపిస్తున్నారు?" అంటారు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినా అదే గొడవ. పోనీ రెండు రోజులేగా, లైట్‌హౌస్ చూశాక అరుచుకుందాం అని మిగతా నలుగురూ తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం కూడా గుసగుసగానే చేశారు. బావగారు పంపు మోటార్లు బాగుచేసే మనిషి, జన్మలో గుసగుసలాడి ఎరగరు. ఎంత ప్రయత్నించినా ఆయన నోట్లోంచి మాట రాలేదు, ఈల వచ్చింది.

మూడోరోజు పొద్దున్నంతా అత్తగారు "ఏంటీ? ఏంటీ?" అని అడిగారు. అందరూ నవ్వి, చేతులూపి, ఏం లేదన్నట్టు తల తిప్పారు. మధ్యాహ్నానికి అడగటం మానేశారు. భోజనాల దగ్గర బావగారి ఈలకి అందరూ నవ్వితే ఆవిడా నవ్వారు. అందరూ నవ్వి ఆపేశాక నవ్వారు, ఒక్కరే.

నాలుగోరోజు మధ్యాహ్నం చిన్నకోడలు మధ్య గదిలోకి వెళ్ళేసరికి అత్తగారు చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుకుంటున్నారు. స్నానాలగది చెప్పులు అప్పటికే కాగితంలో చుట్టేశారు.

"సాయంత్రం రేవొస్తుందటగా. నన్నక్కడ దింపేయండి. బస్సెక్కి ఇంటికి పోతాను."

చిన్నకోడలు కంగారుగా చేతులు తిప్పింది.

"ఆ చేతులు తిప్పడాలు నా దగ్గరొద్దు. రెండు రోజుల్నించీ చూస్తూనే ఉన్నా. మీలో మీరే గుసగుసలు, నేను కనపడగానే నవ్వు మొహాలు. ఏం, నన్నెక్కడ పడెయ్యాలనా? ఏదైనా ఉంటే నా మొహం మీదే అనండి. పడతాను."

"రేపే కదత్తయ్యా లైట్‌హౌస్..." అంది చిన్నకోడలు మెల్లగా. ఆవిడకది వినపడలేదు, ఏం చెప్పబోతోందో మాత్రం తెలుసు.

"లైట్‌హౌసూ వద్దు, ఏమీ వద్దు. పక్కన మనుషులున్నా ఒక్కదాన్నే చూసినట్టుంటుంది" అన్నారు అత్తగారు. పెట్టె మూత వెయ్యబోతే జిప్పు అడ్డం తిరిగింది, దాంతో కుస్తీ పడుతూ మొహం అటు తిప్పుకున్నారు.

చిన్నకోడలికి దుఃఖం తన్నుకొచ్చింది. దుఃఖం వెనకే ఒళ్ళు మండింది. ఎర్ర కార్డూ లేదు, గాడిదగుడ్డూ లేదు అనుకుంది. అత్తగారి భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, వదిలింది.

"అత్తయ్యా! మీకు చెవులు వినపడవు! ఎనిమిదేళ్ళయింది! అందుకే మేం అరుస్తాం! అరిస్తే ఓడలోంచి దింపేస్తామన్నారు! మీకు లైట్‌హౌస్ లేకుండా పోతుందని నోరు మూసుకు చచ్చాం! అంతే! ఇంకేం లేదు!"

పైన కుర్చీ ఈడుస్తున్నవాడు కూడా ఆపేశాడు.

అత్తగారు మంచం మీద కూర్చున్నారు. "తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"చెవుడని. నా చెవులు నాకు తెలీవుటే?"

"మరి మిషనంటే అన్నం మానేశారేం?" చిన్నకోడలు ఇంకా అరుస్తూనే ఉంది.

"మిషన్ పెట్టుకుంటే మీరు మెల్లగా మాట్లాడుకుంటారు కదా" అన్నారు ఆవిడ. "ఇప్పుడైతే కూర మాడిందన్నా, కుళాయి కారుతోందన్నా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా, అన్నీ నాతో చెప్పినట్టే ఉంటుంది. మా అత్తగారు వినపడక పదిహేనేళ్ళు బతికింది. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలీకుండానే పోయింది. ఆవిడ ఎదురుగానే గుసగుసలాడుకునేవాళ్ళం. అందరికంటే ఎక్కువ ఆడింది నేనే."

చిన్నకోడలు పెట్టె పక్కకి జరిపింది. ఆవిడ పక్కన కూర్చుంది.

తలుపు చప్పుడైంది. అప్పటికే బావగారూ తోటికోడలూ చిన్నకొడుకూ గదిలోకి పరిగెత్తుకొచ్చి ఉన్నారు. అయిదుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అయిపోయింది, ఎర్ర కార్డు వచ్చేసింది. చిన్నకోడలే లేచి తలుపు తీసింది.

గుమ్మంలో నిశ్శబ్దంగారు నిలబడి ఉన్నాడు. చొక్కా బొత్తాలన్నీ మెడదాకా పెట్టుకుని, చేతిలో మడిచిన కాగితం పట్టుకుని ఉన్నాడు. ఫిర్యాదు కాగితమే అయ్యుంటుంది.

"క్షమించండి సార్" అని చిన్నకోడలు మొదలుపెట్టింది. "ఇప్పుడే అరిచింది నేనే..."

"అది కాదమ్మా" అన్నాడాయన. నేల చూపులు చూశాడు. "ఆ పెట్టెలో ఏముంది?"

"ఏ పెట్టె?"

"మీ పిన్నిగారి మేడమీది పెట్టె. పద్నాలుగో తాళానికి తెరుచుకుందన్నారు. ఆ వెంటనే మీరు ఆపేశారు. రెండు రాత్రులు నాకు కునుకు లేదు. నిన్న రేకుకి చెవి ఆనించి కూర్చున్నాను, మీరంతా ఈలలు వేసుకుంటున్నారు." కాగితం చూపించాడు. "ఇదిగో, కౌంటర్లో ఇచ్చిన ఫిర్యాదులు వాపసు తీసుకుంటున్నట్టు రాసి తెచ్చాను. ఇప్పుడన్నా చెప్పండి."

తోటికోడలు నడుం బిగించింది. "అత్తయ్యా, వింటున్నారా?"

"గట్టిగా చెప్పి ఏడు!" అన్నారు అత్తగారు.

"మూత ఎత్తి చూస్తే పెట్టెనిండా చెప్పులు! అన్నీ ఎడమకాలివే! ఒక్క జతా లేదు! పిన్ని కెవ్వుమని కేక! కుడికాళ్ళన్నీ ఏమయ్యాయోనని వీధివీధంతా పోగైంది!"

"ఏమయ్యాయి?" అని నిశ్శబ్దంగారు గుమ్మం దాటి లోపలికొచ్చేశాడు.

"వాడు చెప్పుల కంపెనీవాడండీ! మచ్చు చూపించడానికి కంపెనీ ఒక కాలిదే ఇస్తుందట, రెండూ ఇస్తే తొడుక్కు తిరుగుతారని!"

పై బాల్కనీలోంచి ఎవరో "ఓస్, ఇంతేనా!" అన్నారు. కింద బాల్కనీలోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. లైబ్రరీ పెద్దాయన కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. అత్తగారు ఈసారి అందరితోపాటే నవ్వారు. నవ్వు ఆగాక చిన్నకోడలు పెట్టెలోంచి చెప్పులు తీసి, కాగితం విప్పి, మళ్ళీ స్నానాలగదిలో పెట్టేసింది.

మర్నాడు తెల్లవారుజామున అందరూ చిన్నకోడలి బాల్కనీలో చేరారు. రేకు అవతల నిశ్శబ్దంగారు దుప్పటి కప్పుకుని సిద్ధంగా ఉన్నాడు. మసకలోంచి లైట్‌హౌస్ వచ్చింది. సున్నం రాలిపోయి, సగం దాకా పచ్చటి నాచు పట్టి, అందరూ అనుకున్నదానికంటే పొట్టిగా ఉంది. అత్తగారు కటకటాలు పట్టుకుని, చిన్నప్పుడు తను నిలబడి ఓడలకి కేకలు పెట్టిన ఆ పై అంచునే చూస్తూ నిలబడ్డారు. తర్వాత రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, పదేళ్ళ పిల్ల పెట్టినట్టు, గొంతు చిరిగిపోయేలా కేక పెట్టారు.

"ఓయ్! వినపడిందోయ్! నేను విన్నానోయ్!"

బావగారు మొహం తిప్పుకున్నారు. తోటికోడలు బాహాటంగానే ఏడ్చింది.

రెండు నిమిషాల్లో మేనేజరమ్మ బాల్కనీ దాకా వచ్చేసింది. ఈసారి నవ్వు లేదు. "ఎనిమిదింటిదాకా నిశ్శబ్దవేళ! ఎవరరిచింది?" అని గట్టిగా అడిగింది.

రేకు మీంచి పెద్దాయన తల కనిపించింది. "కాస్త మెల్లగా మాట్లాడమ్మా" అన్నాడు. "ఇక్కడ మనుషులు లైట్‌హౌస్ చూస్తున్నారు."

ఎర్ర కార్డు మాత్రం ఇవ్వక తప్పదంది మేనేజరమ్మ, రూలు రూలే. తర్వాతి రేవులో దిగిపోవాలి. తర్వాతి రేవు ఆఖరిది, అక్కడ కెప్టెనుతో సహా అందరూ దిగేవాళ్ళే. అత్తగారు కార్డు అందుకుని, బాగుందని చేతిసంచిలో దాచుకున్నారు.

లైట్‌హౌస్ చిన్నదైపోయి కనపడకుండా పోయాక ఆవిడ చిన్నకోడలి వైపు తిరిగారు.

"ఊరెళ్ళగానే ఆ చెవి మిషన్ కొనిపెట్టవే. పాపం, మీ గొంతులు పోతున్నాయి."

"నిజంగానా అత్తయ్యా?" చిన్నకోడలు సంతోషంతో అరిచింది.

"నిజంగానే. కానీ అది ఎప్పుడు పనిచేస్తోందో, ఎప్పుడు ఆపేసి ఉందో, అది మాత్రం నేను చచ్చినా చెప్పను."