ఆరు శాతం

కుదురు అంటే ఏమిటో తెలియని యంత్రాన్ని నేను. పేరు షేకర్. లోపల ముప్పైఏడు డిగ్రీల వెచ్చదనంలో గాజు సీసాలను పట్టుకుని ఇరవైనాలుగు గంటలూ ఊపడమే నా పని. రెండు కాలేజీలు వాడి వదిలేశాక అనంతపురంలోని ఒక ప్రయోగశాలకు చేరాను. "పాపం, ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది" అని మనుషులు నామీద జాలిపడతారు. అలా అంటున్నప్పుడు కూడా బల్ల కింద వాళ్ల కాళ్లు ఆడుతూనే ఉంటాయి.

అక్కడ నన్ను వాడింది సువార్త అనే పరిశోధక విద్యార్థిని. చెరకు పిప్పిలోంచి బండ్లకు ఇంధనం తీయాలని ఆమె తపన. అందుకోసం ఒక బ్యాక్టీరియాలో కొత్తగా రెండు ఎంజైములు తయారయ్యేలా చేసింది. అవి పిప్పిలోని చక్కెరను ఇంధనంగా పనికొచ్చే ఆల్కహాలుగా మారుస్తాయి. చిక్కల్లా ఒకటే, తాము చేసిన ఆల్కహాలే ఆ ప్రాణులకు విషం. వాటి పైపొరకు చిల్లులు పడతాయి, ఎంజైములు పాడవుతాయి, చివరికి ఆ ప్రాణులే చచ్చిపోతాయి. అందుకని సువార్త సీసాల్లో కొద్దికొద్దిగా ఆల్కహాలు పెంచుతూ, బతికినవాటిని కొత్త సీసాలోకి మార్చుతూ వచ్చింది.

రెండేళ్లకు ఆరు శాతం ఆల్కహాలులో కూడా అవి బతికే దాకా వచ్చింది. గైడు పురుషోత్తం గారు ఉబ్బితబ్బిబ్బయ్యి, పత్రికకు వ్యాసం పంపించేశారు. థీసిస్ గడువు ఇంకా ఐదు నెలలే ఉంది.

నాకు మాత్రం ఒకటే అలజడి. సీసాలకు పెట్టినవి దూది బిరడాలు. నేను వెచ్చబెట్టి ఊపుతుంటే ఆల్కహాలు ఆ దూదిలోంచి ఆవిరైపోతోంది. ఆ ప్రాణులు ఆరు శాతాన్ని తట్టుకోలేదు, అది తగ్గేదాకా ముడుచుకుని కూర్చున్నాయంతే. చెబుదామంటే నాకు నోరు లేదు. గడగడ చప్పుడు చేశాను. బేరింగు అరిగిందని నూనె పోశారు.

చివరికి ఆ మాట అన్నది గది ఊడ్చే ఓబులమ్మ.

"పాపా, ఈ మూత తీస్తే చాలు, సారాయి వాసన గుప్పుమంటాండాది. సీసాల్లో ఏమన్నా మిగులుతాండాదా?"

సువార్త నవ్వబోయి ఆగిపోయింది. వెంటనే సీసాల్లో ఆల్కహాలు కొలిచింది. మూడు శాతం కూడా లేదు. రబ్బరు బిరడాలు బిగించి మళ్లీ ఆరు శాతంలో వేసింది. మర్నాటికి అన్నీ చచ్చాయి. నా మూత మీద తల పెట్టి ఏడ్చింది. అప్పుడు కూడా నేను ఊగడం ఆపలేకపోయాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విషయం విని పురుషోత్తం గారు గొంతు తగ్గించారు. "వ్యాసం పంపేశాం కదమ్మా. ఇంకెవరికైనా తెలుసా?"

"నాకు తెలుసు సార్."

ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తరవాత, "వెనక్కి తీసుకుందాంలే" అన్నారు.

మళ్లీ మొదటి నుంచి మొదలు. ఆ ఐదు నెలలూ నాకు ఆగడం లేదు, ఆమెకు కూర్చోవడం లేదు.

ఇప్పుడు నా మోటారు కాలిపోయింది. వరండాలో తుక్కువాడి కోసం ఎదురుచూస్తున్నాను. ఊపడానికి ఏమీ లేక పిచ్చెక్కుతోంది. మొన్న సువార్త బైండింగు చేయించిన థీసిస్ తెచ్చి, నా మీద పెట్టి ఓబులమ్మకు చూపించింది. తెరిచిన పేజీలో నాలుగు శాతం అని ఉంది. ఆ నాలుగూ నేనెంత ఊపినా సీసా దాటి పోలేదు.