చుక్కెద్దు దాటిన పిల్ల

తెలకపల్లి దగ్గరి ఆ ఊళ్లో పొద్దున్నే నీళ్లకు పోయే ఆడవాళ్లు వాకిట్లో పడుకున్న పిల్లల్ని దాటితే, మళ్లీ వెనక్కి దాటి గానీ పోరు. లేకుంటే పిల్లలు పెరగరు. చింతగింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని చిన్నప్పుడు మూడు రోజులు నీళ్లు ముట్టని మల్లన్నకు ఏమీ మొలవలేదు. రూతమ్మ పుస్తకంలో దాచిన నెమలీక ఇంతవరకు పిల్లల్ని పెట్టలేదు. దాటుడు సంగతి మాత్రం వేరు.

బాలన్న బిడ్డ యమున పన్నెండేళ్లప్పుడు పెరక్కుండా ఆగిపోయింది. ఎవరు దాటారో తెలియక బాలన్న ఏడేళ్లు ఇల్లిల్లూ తిరిగి, అనుమానం ఉన్న ప్రతి మనిషితో ఆమెను దాటించాడు. మోకాళ్ల నొప్పుల వెంకటమ్మ కూడా ఇద్దరి భుజాలు పట్టుకొని దాటింది. ఆ గొప్ప ఇంకా చెప్పుకుంటూనే ఉంది. యమున వెంట్రుకంత కూడా పెరగలేదు.

పరుగులో ఆమెను అందుకునేవాళ్లు లేరు. అయినా పోలీసు సెలక్షన్లలో మూడు వేళ్లు తక్కువని కొలత దగ్గరే వెనక్కి పంపారు. సోమవారం మళ్లీ కొలతలు. ఈసారీ తప్పితే మేస్త్రీ వెంట పూనాకు మట్టిపనికి పోవాలి.

శుక్రవారం రొట్టె తింటూ యమున అడిగింది.

"నాయినా, పశువు దాటితే గూడ లెక్కనేనా?"

"ఏ పశువే?"

"మన చుక్కెద్దు. బండి నీడకు పండుకుంటే నా మీదికెల్లి పోయింది. మనిషి దాటితేనే లెక్క అనుకున్న."

"ఏడేండ్లు నోట్ల ఏం పెట్టుకున్నవే? ఊరోళ్లందరిని దుంకిచ్చిన గద!"

ఏడేళ్ల కిందట, అది దాటిన మరునాడే, ఆ ఎద్దును పెబ్బేరు సంతలో ధరూర్ యోసేపుకు అమ్మేశాడు బాలన్న. ఇప్పుడు శనివారం బిడ్డను తీసుకొని రెండు బస్సులు, ఒక ఆటో మారి యోసేపు వాకిట్లో నిలబడ్డాడు. సంగతి విన్న యోసేపు ఒక్కటే అడిగాడు.

"ఎటుకెల్లి దాటింది బాలన్నా?"

"కుడికెల్లి ఎడమకు."

యమున వాకిట్లో పడుకుంది. ముసలిదైన చుక్కెద్దును ఎడమ దిక్కు నిలబెట్టారు. అది ఆమెను వాసన చూసి ఆగింది. యోసేపు తాడు గుంజినా కదలలేదు. బాలన్న కుడి దిక్కుకు పోయి, తువ్వాలతో ముఖం తుడుచుకొని, మెల్లగా పిలిచాడు.

"దా కొడుకా. దా."

ఎద్దు ఒక్కొక్క కాలే ఎత్తి, ఆమెకు గిట్ట తగలకుండా దాటి, బాలన్న భుజం మీద మూతి పెట్టింది.

యమున లేచి నిలబడింది. ఏడేళ్ల పెరుగుడూ ఒక్కసారే వచ్చింది. యోసేపు భార్య శాంతమ్మ కిందికి చూసి, "పైజామ పొట్టిగైంది బిడ్డా, మడత ఇప్పుకో" అంది.

సోమవారం కొలత కర్ర పట్టిన జవాను మునివేళ్ల మీద లేచి చూసి రాసుకున్నాడు. పరుగు సంగతి చెప్పాల్సిన పనే లేదు.

ఇప్పుడు యమున ఖాకీ బట్టల్లో ఊరికొస్తే బాలన్న తల పైకెత్తి మాట్లాడాలి. మెడ గుంజుతుందని కనిపించిన ప్రతివాళ్లకూ చెబుతాడు. దవాఖానకు పొమ్మంటే మాత్రం పోడు.