కుల్సుం పెట్టుకున్న మనిషి

మంచం పట్టినవాళ్లను చూసుకోవడానికి ఇళ్లకు ఆయాలను పంపే ఆఫీసు హైందవిది, అమీర్‌పేటలో. ఆ మధ్యాహ్నం పంజాగుట్ట నుంచి విక్రమ్ ఫోన్ చేశాడు. పక్షవాతంతో ఉన్న అతని తల్లి రాజమ్మను కుల్సుం అనే ఆయా చూసుకుంటోంది.

"మేడం, మీ మనిషి మా అమ్మ మీద కాగే నీళ్లు పోసింది. దవాఖానకు జల్ది రండి."

కుల్సుమా? హైందవి నమ్మలేకపోయింది. ఆటో ఎక్కి దవాఖానకు వెళ్లింది. రాజమ్మ ఎడమ తొడ మీద చర్మం ఊడివచ్చింది. అది స్పర్శ లేని వైపు. అందుకే స్నానం చేయిస్తూ కాగే నీళ్లు పోసినా ముసలమ్మ అరవనే లేదు. చర్మం లేచిరావడం చూసి అరిచింది నీళ్లు పోసిన మనిషే.

ఆ మనిషి కుల్సుం కాదు. తడిచీరతో గోడకానుకుని వణుకుతున్న ఆమెను హైందవి ఎన్నడూ చూడలేదు.

"ఎవరమ్మా నువ్వు?"

"కమలకుమారిని మేడం. కుల్సుమక్క పెట్టుకుంది. బతుకమ్మ పండుగసంది మధ్యాహ్నాలు నేనే చూస్తున్న."

హైందవి విక్రమ్ వైపు తిరిగింది. "ఈమె ఎవరో నాకు తెల్వదన్నా. నేను పెట్టిన మనిషి గాదు."

"ఈమెను సుత మీరే పంపిన్రనుకున్నం. మీ ఆఫీసును నమ్మి అమ్మను అప్పజెప్పినం," అన్నాడు విక్రమ్.

అంతలో కుల్సుం రొప్పుతూ వచ్చింది.

"ఎవర్నడిగి పెట్టినవ్?" హైందవి కేక వేసింది.

"మిమ్మల్నే అడిగిన మేడం. సనత్‌నగర్ ఇంటి పని సుత నాకే ఇస్తిరి. ఒక్కదాన్ని రెండు తావుల ఎట్లుంట అంటే, ఎవర్నన్న పెట్టుకో, నాకు చెప్పకు అంటిరి గదా."

హైందవికి ఆ రోజు గుర్తొచ్చింది. అవును, తను అలాగే అంది. వేరేవాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతూ, చెయ్యి విదిలించి అంది. ఆ మాట విన్నది కుల్సుం ఒక్కతే. కాదంటే అడిగేవాళ్లు లేరు.

"నేను పోలీస్ స్టేషన్‌కు పోతున్న. ఎవరి పేరు చెప్పాలె?" అన్నాడు విక్రమ్.

కమలకుమారి నేల మీద కూలబడింది. కుల్సుం హైందవి ముఖంలోకే చూస్తోంది.

"నా పేరు చెప్పన్నా," అంది హైందవి. "పెట్టుకొమ్మన్నది నేనే. ఈమెకు పని నేర్పియ్యంది సుత నేనే."

విక్రమ్ ఆమె పేరే చెప్పాడు. కేసు నడుస్తోంది. రాజమ్మ కాలు మెల్లగా మానుతోంది. చూడటానికి వెళ్లిన హైందవిని విక్రమ్ గడప దాటనివ్వలేదు. ఇప్పుడు ఏ ఆయా సాయానికి ఎవరు వచ్చినా ముందు ఆఫీసుకు రావాలి. నీళ్ల వేడి చూడటం దగ్గర్నుంచి హైందవే నేర్పుతుంది. కమలకుమారిని కూడా పిలిచింది గానీ, ఆమె రాలేదు.